అనుభవిస్తూనే అంటకుండా ఉండటం ఆచరణలో ఎలా? ఇల్లు, తోట, నగలు, వరద భయం

కౌశికి ఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారమండి. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రంలో "తేన త్యక్తేన భుంజీథాః" అన్న మాట ఉంది కదా. కార్తీకంలోనూ ధనుర్మాసంలోనూ మన కోనసీమలో ఏ గుడి అరుగు మీద ప్రవచనం జరిగినా ఈ మాట ఒకసారైనా వినపడుతుంది. విడిచిపెట్టి అనుభవించు అంటారు. వింటున్నంతసేపూ బాగుంటుంది. ఇంటికొచ్చి తాళం తీశాకే చిక్కు. దేన్ని విడవాలి, దేన్ని అనుభవించాలి?

ఒక మామూలు కుటుంబాన్ని అనుకుందాం. రెండెకరాల కొబ్బరితోట, ఓ డాబా ఇల్లు, కారు, బీరువాలో కొన్ని పట్టుచీరలు, పాతిక కాసుల బంగారం. వీళ్ళు సన్యాసులు కారు, అవ్వాలనీ లేదు. ఇలాంటి వాళ్ళ దగ్గర రెండు రకాల పెడదారులు కనిపిస్తున్నాయి. కొందరు "ఏదీ మనది కాదు" అంటూ తోటకి ఎరువు వెయ్యరు, శ్లాబు కారుతున్నా పట్టించుకోరు. ఇంకొందరు "మనసులో అంటకుండా ఉంటే చాలు" అంటూ కనబడిందల్లా కొంటారు. ఇద్దరూ ఆ మంత్రాన్నే చెప్పుకుంటారు.

నాకు కావలసింది మూడు సంగతులు. వస్తువు వాడినప్పుడు కలిగే సంతోషమే రాగమా (అంటే దాని మీది వ్యామోహమా), లేక రాగం వేరే ఉందా? మనకి అంటిందో లేదో తేల్చుకోవడానికి నికరమైన పరీక్ష ఏమైనా ఉందా? రోజూ, నెలనెలా ఏం చెయ్యాలి? "అంతా మనసులోనే ఉంది" లాంటి జవాబులు కాకుండా, చేతితో చేసే పనులు చెప్పగలరు.

దిగువ లాకు (జవాబు):

ముందు మంత్రం సంగతి చూద్దామండి. చాలా గందరగోళం అక్కడే మొదలవుతోంది.

శుక్ల యజుర్వేద సంహితలో చివరిదైన 40వ అధ్యాయమే ఈ ఉపనిషత్తు. 18 మంత్రాలే. మొదటి మంత్రం సగం దగ్గర మీరు చెప్పిన మాట వస్తుంది. "భుంజీథాః" అన్నదానికి శంకరులు "పాలయేథాః" అని అర్థం చెప్పారు. అంటే కాపాడుకో అని. ఆ త్యాగంతో నిన్ను నువ్వు కాపాడుకో అన్నమాట. మరికొందరు "తేన త్యక్తేన" అంటే ఈశ్వరుడు నీకు వదిలిపెట్టినదాంతో, నీ వంతుకి వచ్చినదాంతో అనుభవించు అని తీసుకున్నారు. ఏ అర్థం తీసుకున్నా తరువాత వచ్చే "మా గృధః", అంటే ఆశపడకు అన్నది, మాత్రం మారదు. గృధ్ అనే ధాతువులోంచే గృధ్రం, అంటే రాబందు, పుట్టింది. రాబందు ఎత్తున తిరుగుతున్నా చూపు కిందనే ఉంటుంది. మంత్రం వద్దంటున్నది తిండిని కాదు, ఆ చూపుని.

ఇక మీ మొదటి ప్రశ్న. గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాల్లో పతనం మెట్లు వరసగా ఉన్నాయి. విషయాల్ని ధ్యానించడం, దాంతో సంగం, సంగం వల్ల కామం, కామం వల్ల క్రోధం, ఆపైన సమ్మోహం, స్మృతి చెదరడం, బుద్ధి నశించడం. ఈ వరసని నెమ్మదిగా చదవండి. అనుభవించడం అన్న మెట్టు అందులో లేదు. మొదలు ధ్యానంతో. అంటే వస్తువు ఎదురుగా లేనప్పుడు దాన్ని నెమరెయ్యడంతో. వెంటనే 64వ శ్లోకం రాగద్వేషాలు లేని ఇంద్రియాలతో విషయాల్లో తిరిగేవాడికి ప్రసన్నత దొరుకుతుందని తేటగా చెబుతోంది.

యోగసూత్రాల్లో రాగానికి ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే. "సుఖానుశయీ రాగః". సుఖం వెనకాలే పడుకుని ఉండేది రాగం. పూతరేకు నోట్లో వేసుకున్నారు, కరిగిపోయింది, బాగుంది. అది సుఖం, అక్కడితో అయిపోయింది. ఆత్రేయపురం ఎప్పుడు వెళ్తామా అని మూడు రోజులు మనసులో తిరగడం రాగం. మన జిల్లాల్లో "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అంటారు. వరదనీటికి ఎదురీది వచ్చిన చేపకి ఆ రుచి ఉండటంలో దోషం లేదు, తినేవాడు మెచ్చుకోవడంలోనూ లేదు. దోషమంతా "పుస్తెలమ్మి అయినా" అన్న ముక్కలో ఉంది.

కాబట్టి చీర కట్టుకున్నప్పుడు, కారెక్కినప్పుడు సంతోషం కలిగితే దాన్ని నొక్కెయ్యకండి. నొక్కిపెట్టినదే నెమరుకి వస్తుంది. "రసవర్జం" అని అదే అధ్యాయం 59వ శ్లోకం చెప్పేది ఆ సంగతే. తిండి మానేసినవాడికి విషయాలు దూరమవుతాయి కానీ వాటి మీది రుచి మిగిలే ఉంటుంది.

శివారు ఆయకట్టు (జవాబు):

దిగువ లాకు గారు చెప్పినదానికి చేతిపని జోడిస్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశారు. ఇప్పుడు బ్యారేజీ కింద సుమారు 10 లక్షల ఎకరాలు పారుతున్నాయి. మనవాళ్ళు పంట కాలువల గురించి ఎంతసేపైనా మాట్లాడతారు, మురుగు కాలువల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. డెల్టా బతికేది రెండిటి మీద. వరిచేలోకి బోదె, అంటే పిల్లకాలువ, నుంచి నీరు ఎలా రావాలో మురుగు కాలువలోకి అలా పోవాలి కూడా. ఊడ్చిన దగ్గర్నుంచి పిలక కట్టేదాకా రెండు మూడు సెంటీమీటర్ల నీరు చాలు. మధ్యలో ఓసారి నీరు తీసి చేను ఆరబెడితే వేళ్ళకి గాలి తగిలి పిలక బాగా వస్తుంది. చిరుపొట్ట నుంచి గింజ పాలు పోసుకునేదాకా అయిదు సెంటీమీటర్లు పెట్టాలి. కోతకి పది రోజుల ముందు పూర్తిగా తీసెయ్యాలి. నీరు ఎక్కువైతే మంచిదేగా అని నిలవబెట్టినవాడి చేలో పిలకలు తగ్గుతాయి, వేరు కుళ్ళుతుంది. నీరే వద్దనుకున్నవాడి చేను ఎండుతుంది. ప్రశ్నలో చెప్పిన ఇద్దరూ వీళ్ళే.

ఇంట్లో వస్తువులకీ డబ్బుకీ ఇదే లెక్క. రావడానికి దారి అందరికీ ఉంటుంది. పోవడానికి దారి తవ్వి ఉండదు. మమకారం అనేది మురుగు దారి లేని చేలో నిలిచిన నీరు. దాన్ని తిట్టి లాభం లేదు, గండి తియ్యాలి.

మొదటి పని, ఎక్కడ నిలిచిందో కనుక్కోవడం. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఇంట్లో మీకు ముఖ్యమనిపించే ఏడెనిమిది వస్తువుల పేర్లు రాయండి. ఇల్లు, కారు, తోట, ఫలానా గొలుసు, ఫోను, ఏదైనా సరే. ఒక్కోదానికి మూడు గళ్ళు కొట్టండి. వాడకం, సంరక్షణ, తలపు. ఒక మండలం, అంటే 41 రోజులు, రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు కూర్చుని ఏ గడిలో ఆ రోజు సుమారు ఎంతసేపు గడిచిందో రాయండి. తోటలో గంటసేపు పాదులు సరిచేయించారు, అది సంరక్షణ. కారులో అమలాపురం వెళ్ళొచ్చారు, అది వాడకం. కారు మీద పడ్డ గీత గురించి భోజనం దగ్గర, స్నానం దగ్గర, పడుకున్నాక అనుకున్నారు, అది తలపు. గీత బాగు చేయించడానికి షెడ్డుకి ఫోను చేస్తే అది మళ్ళీ సంరక్షణే. ఈ తేడా జాగ్రత్తగా పట్టుకోవాలి. 41 రోజులయ్యాక మూడో గడి మొదటి రెండిటినీ కలిపినదాని కంటే పెద్దదైన వస్తువు ఏదో చూడండి. సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి. మనం ఊహించుకున్నవి ఒక్కోసారి కావు. బంగారం అనుకుంటాం, గట్టు తగాదాలో ఉన్న మూరెడు స్థలం బయటపడుతుంది.

రెండో పని, వచ్చే చోటే పోయే దారి పెట్టడం. కొబ్బరి దింపు 45 రోజులకో రెండు నెలలకో ఒకసారి పడుతుంది కదా. కాయలు రాశి పోసినప్పుడే, బేరగాడు లెక్క పెట్టకముందే, ఇవ్వవలసిన వంతు పక్కకి తియ్యాలి. వెయ్యికి యాభయ్యా ఇరవయ్యా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని ముందే తేల్చుకోండి. సంఖ్య చిన్నదైనా పరవాలేదు, దింపు దింపుకీ మారకూడదు. ఉద్యోగస్తులైతే జీతం పడిన రోజునే. నెలాఖరున మిగిలితే ఇద్దాం అన్నది ఎప్పటికీ జరగదు, ఎందుకంటే మిగులు అనేది మనం తేల్చేది, అది ఎప్పుడూ చాలదు.

భాగవతంలో బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు విత్తాన్ని ఐదు విధాలుగా పంచమని చెబుతాడు. ధర్మానికి, కీర్తికి, తిరిగి సంపాదించుకునే పెట్టుబడికి, తన సుఖానికి, తన వాళ్ళకి. కామానికీ అందులో చోటు ఉంది చూడండి. తన సుఖానికి కేటాయించుకున్న భాగాన్ని నిశ్చింతగా అనుభవించాలి. దాన్ని కూడా సంకోచంతో తింటే రెండిటికీ చెడతాం. శ్లోకంలో సమాన భాగాలనే మాట లేదు, ఎవరి ఇంటి పరిస్థితిని బట్టి వాళ్ళవి.

మూడోది, ఏది ఇస్తున్నామో చూసుకోవడం. నీళ్ళు ఇంకిన కాయలు, ఎలక కొట్టిన కాయలు ఏరి ధర్మానికి తియ్యడం రివాజైపోయింది. కఠోపనిషత్తు కథ అక్కడే కదండీ మొదలవుతుంది. నీళ్ళు తాగడం, గడ్డి మెయ్యడం అయిపోయి, పాలు ఇవ్వలేని ఆవుల్ని తండ్రి దానం చేస్తుంటే నచికేతుడికి మనసు పాడవుతుంది. రాశిలోంచి కళ్ళు మూసుకుని తీసినట్టు తియ్యండి. మంచివీ చెడ్డవీ కలిసే వెళ్తాయి. నిజానికి ఈ ఒక్కటి చేసినా చాలా వదులుతుంది.

నాలుగోది ఇచ్చినవాడి పేరు. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటున్నాయి. వస్తువు చేయి దాటింది, "నేనిచ్చాను" అన్నది రెక్కలతో పాటు తిరుగుతూనే ఉంది. హోమంలో ప్రతి ఆహుతికీ "ఇదం న మమ", ఇది నాది కాదు, అని పలికిస్తారు. ఒక్కసారి అంటే సరిపోతుందిగా, ప్రతిసారీ ఎందుకు? నెయ్యి అగ్నిలో పడ్డా నాది అన్నది చేతికి అంటుకుని ఉంటుంది కాబట్టి. మీ వంతులో సగమైనా పేరు లేకుండా పోయేట్టు చూడండి.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ప్రవచనం విన్న ఊపులో, లేదా ఇంట్లో ఒక చావు జరిగిన పదిహేను రోజుల్లో, పెద్ద మొత్తం ఇచ్చెయ్యడం. పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు ఊరికే అనలేదు. మూడో నెలకి మనసు తిరగబడుతుంది, ఇచ్చిన చోటల్లా తప్పులు వెతుకుతుంది. పెద్ద నిర్ణయం ఏదైనా ఒక పంటకాలం ఆగి చెయ్యండి. ఇంకొకటి, భార్య బంగారం స్త్రీధనం. అది భర్త త్యాగానికి సరుకు కాదు. తనది కానిది వదిలిపెట్టడం త్యాగం అనిపించుకోదు.

రేవు మెట్లు (జవాబు):

శివారు ఆయకట్టు గారూ, నోటు పుస్తకం విషయంలో ఒక్క అభ్యంతరం అండి. కొందరికి ఆ లెక్కే కొత్త వ్యసనం అవుతుంది. ఇవాళ తలపు తగ్గింది అని మురిసిపోవడం, పెరిగితే కుమిలిపోవడం. అందుకని 41 రోజులు దాటించవద్దు. అయ్యాక పుస్తకం చింపెయ్యడం మంచిది. ఏడాదికి ఒకసారి చాలు.

ధర్మకర్త (జవాబు):

తోటకి ఎరువు వెయ్యనివాళ్ళ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. నేను చెబుతాను.

గీత 18వ అధ్యాయం ఏడో శ్లోకం. చెయ్యవలసిన పనిని మోహంతో విడిచిపెట్టడం తామస త్యాగం. ఎనిమిదో శ్లోకం, ఒంటికి కష్టమని విడిచిపెట్టడం రాజస త్యాగం, దానికి త్యాగఫలం దక్కదు. శ్లాబు కారుతుంటే "ఇల్లు శాశ్వతమా" అనడం ఈ రెండిట్లో ఏదో ఒకటి అవుతుంది. వైరాగ్యం మాత్రం కాదు.

దేవుడి మాన్యం చూసే ధర్మకర్త ఎలా ఉండాలి? భూమి తనది కాదు. అందుకనే శిస్తు పైసాతో సహా రాయాలి, గట్టు తెగితే వెంటనే వేయించాలి, కాయ ఒకటి పోయినా జవాబు చెప్పాలి. తనదైతే ఓ రోజు అశ్రద్ధ చెయ్యవచ్చునేమో. పరాయి సొమ్ముకి ఆ వెసులుబాటు లేదు. "ఈశావాస్యం" అంటే ఇదంతా ఈశ్వరుడిది అని కదా అర్థం. అంటే మన పూచీ పెరిగిందే తప్ప తగ్గలేదు.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం గాలికి శ్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటుని పగలగొట్టుకుని పెచ్చులు రాల్చుతుంది. అప్పుడు పైన సున్నమో రంగో వేసి కప్పేవాళ్ళే ఎక్కువ. లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. వదులైన పెచ్చులన్నీ కొట్టేసి, ఊచ వెనకదాకా తెరిచి, తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, ఆ తరువాత గట్టి మాలుతో పూడ్చాలి. ఊచ బాగా సన్నబడి ఉంటే పక్కన కొత్తది వెయ్యాలి, అలాంటప్పుడు ఇంజనీరుకి చూపించడం తప్పదు. ఈ పనిని గుడి ప్రాకారానికి చేసినంత శ్రద్ధగా చేయించి, అయ్యాక దాన్ని గురించి తలచుకోకుండా ఉండగలిగితే అది అనాసక్తి. పని చెయ్యకుండా తలచుకుంటూ కూర్చోవడం ఆసక్తి. లోకం తలకిందులుగా అర్థం చేసుకుంటోంది.

కౌశికి ఒడ్డు:

చాలా స్పష్టంగా చెప్పారండి అందరూ. ఇంకో రెండు అడుగుతాను. చీరలు, నగల సంగతి ఆడవాళ్ళెవరైనా చెబితే బాగుంటుంది. రెండోది భయం. దొంగల భయం, వరద భయం, నదీ కోత భయం. వస్తువు మీద ఆశ లేకపోయినా పోతుందేమో అన్న భయం మిగులుతోందని చాలామంది అంటారు.

ఇత్తడి బిందె (జవాబు):

చీరల సంగతి నేను చెబుతాను.

పట్టుచీర బీరువాలో పడుకోబెడితే దానంతటదే పాడవుతుంది. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే ఆ గీత వెంబడే జరీ విరిగి పట్టు చిరుగుతుంది. ప్లాస్టిక్ కవరులో చెమ్మ దిగి మచ్చలు వస్తాయి. నాఫ్తలిన్ ఉండలు జరీకి తగిలితే రంగు మారుతుంది. ఉప్పాడ జాందానీ లాంటి సున్నితమైన నేతకి ఇంకా జాగ్రత్త కావాలి. ఉతికి మెత్తబడిన నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి తీసి నీడన గాలికి ఆరేసి, పాత మడత మీద కాకుండా వేరేచోట మడత వెయ్యాలి. ఈ పని అయిదు చీరలకైతే పూట పడుతుంది. యాభై చీరలకైతే ఎవరూ చెయ్యరు. అక్కడే హద్దు తెలిసిపోతుంది. మన చేతులతో మనం శ్రద్ధగా చూసుకోగలిగినన్ని ఉంచుకోవాలి. మిగతావి మనవి కావు, బీరువావి.

భాగవతంలో నారదుడు ధర్మరాజుకి దీన్ని ఇంకా కటువుగా చెప్పాడు. కడుపు నిండటానికి ఎంత కావాలో అంతవరకే దేహికి హక్కు, అంతకుమించి నాదనేవాడు దొంగ, శిక్షకి తగినవాడు అని. గృహస్థుకే చెప్పిన మాట అది, సన్యాసికి కాదు.

ఇక మమకారం వదలడానికి నాకు తెలిసినంతలో మంచి సాధన, కట్టుకోవడానికి ఇవ్వడం. చెల్లెలికో, తోడికోడలికో, ఇంట్లో పని చేసే అమ్మాయి పెళ్ళిచూపులకో. ఇచ్చే ముందే మనసులో తేల్చుకోవాలి, ఇది పప్పుచారు మరకతో తిరిగొచ్చినా నా నోట మాట రాదు, ముఖం మారదు అని. అలా అనుకోలేకపోతే ఆ చీర ఇవ్వకండి, దానికంటే కొంచెం తక్కువ ఇష్టమైనది ఇవ్వండి. అందులో నిలబడ్డాక పై దానికి వెళ్ళండి. ఇష్టం లేకుండా ఇచ్చి, తరువాత నలుగురి దగ్గరా చెప్పుకోవడం కంటే ఇవ్వకపోవడమే నయం. గీతలో "పరిక్లిష్టం" అని దానికి పేరే ఉంది, బాధపడుతూ ఇచ్చేది రాజస దానం.

వాయనాల్లో ఇచ్చే రవికెగుడ్డ గురించి కూడా అనాలి. ఎవరూ కుట్టించుకోని గుడ్డ ఇంటి నుంచి ఇంటికి తిరుగుతుంటుంది. శ్రావణ శుక్రవారం వచ్చింది కార్తీకంలో వెళ్ళిపోతుంది. ముత్తయిదువని లక్ష్మిగా భావించి ఇచ్చేది కదమ్మా వాయనం. మనం కుట్టించుకుని తొడుక్కునే గుడ్డ అయితేనే ఇవ్వాలి. ఏడుగురికి చవకవి ఇచ్చే బదులు ఇద్దరికి మంచివి ఇచ్చినా వ్రతం చెడదు.

ఒక వంటింటి మాట. పనసపొట్టు కొట్టే ముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకుంటాం. రాసుకుని పనసని పట్టుకోమని, భక్తి అనే నూనె రాసుకుని సంసారాన్ని పట్టుకోమని శ్రీరామకృష్ణ పరమహంస చెప్పిన ఉపమానం అందరికీ తెలుసు. దానికి మన ఆడవాళ్ళకి తెలిసిన రెండో సగం ఉంది. నూనె రాసుకోవడం మరిచిపోయి జిగురు అంటించుకుంటే నీళ్ళతో ఎంత కడిగినా పోదు. మళ్ళీ నూనే రాసి రుద్ది, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడగాలి. అంటే ముందే సిద్ధపడనివాళ్ళకీ దారి ఉంది. కాకపోతే వస్తువుని తిట్టుకుంటే, మనల్ని మనం తిట్టుకుంటే ఆ జిగురు పోదు, అవి నీళ్ళ లాంటివి. అన్నం ముందు పరిషేచన చేసి, అంటే విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, "ప్రాణాయ స్వాహా" అనడం, కొత్త వస్తువు ఏది వచ్చినా దేవుడి ముందు పెట్టి తీసుకోవడం, ఇవన్నీ రోజూ నూనె రాసుకోవడమే. అరనిమిషం పని. కారుకి నిమ్మకాయలు తొక్కించి పూజ చేయించడం ఆనక ఏ రోజూ గుర్తు రాదు. తాళం తిప్పేటప్పుడు "నీది, నేను నడుపుతున్నాను" అని రోజూ అనుకోవడం గుర్తుంటుంది.

గట్టు మీద ఊరు (జవాబు):

భయం గురించి. లంకల్లో, అంటే గోదావరి మధ్య దిబ్బల మీది ఊళ్ళలో, ఉండేవాళ్ళకి ఇది పుస్తకాల విషయం కాదండి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి దానికే పశువుల్ని గట్టెక్కించి, ధాన్యం మెరక చేర్చి, కాగితాలు సంచిలో పెట్టుకునేవాడు తరువాత నిశ్చింతగా నిద్రపోతాడు. రెండో హెచ్చరిక దాకా "చూద్దాం" అన్నవాడు రాత్రంతా మేలుకుంటాడు. జాగ్రత్త వేరు, భయం వేరు. జాగ్రత్తకి చెయ్యవలసిన పని ఉంటుంది, అది చేశాక అయిపోతుంది. చెయ్యవలసింది అంతా చేశాక కూడా ఆగకుండా తిరిగేది భయం. అదే శివారు ఆయకట్టు గారి మూడో గడి.

అందుకని ఒక అభ్యాసం. వరద లేని రోజుల్లో, మనసు స్థిమితంగా ఉన్నప్పుడు, రెండు చేతులతో ఒకే ఒక్క సంచి తీసుకుని ఇల్లు వదలాలంటే ఏం పెడతారో కాగితం మీద రాయండి. ముందు మనుషులు, పశువులు. తరువాత మందులు, పాసు పుస్తకం, ఆధార్, బ్యాంకు కాగితాలు, మంచినీళ్ళు, పొడి బట్టలు, టార్చి. ఉన్న నగలు ఒక చిన్న డబ్బా. ఇక సంచి నిండిపోతుంది. ఇంట్లో ఉన్నవాటిలో నూటికి తొంభై ఆ సంచిలోకి రావు. వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ ఇల్లంతా ఒకసారి నెమ్మదిగా నడవండి. ఇవి ఉన్నంతకాలం వాడతాం, ఇవి రావు అని అనుకుంటూ. టీవీ, సోఫా, పెళ్ళి ఫోటో, తాతగారి పడక్కుర్చీ. కొన్ని దగ్గర గొంతు పట్టుకుంటుంది. పట్టుకోనివ్వండి. ఏడాదికోసారి, జూన్‌లో, వరద కాలానికి ముందు ఇలా చెయ్యడం మంచిది. సంచి కూడా సిద్ధమవుతుంది, మనసూ సిద్ధమవుతుంది.

మిథిల తగలబడుతున్నా నాదేదీ తగలబడటం లేదన్న జనకుడి మాటని కొందరు చేతులు ముడుచుకోవడానికి వాడుకుంటారు. ఆయన రాజు. మంటలు ఆర్పించడం ఆయన పని. ఆ మాట లోపలి స్థితి గురించి చెప్పినది, బిందె పట్టుకోవద్దని కాదు.

మన ప్రాంతం వాళ్ళకి ఇది కొత్త విద్యేం కాదు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన అలంకరణలు, వస్తాయి. కొన్ని ప్రభలు పచ్చటి వరిచేల మీదుగా నడుస్తాయి, కౌశికి అనే కాలువ దాటుతాయి. తన చేను తొక్కుకుంటూ ప్రభ వెళ్తే రైతు అడ్డుపడడు, పుణ్యం అనుకుంటాడు. అదే రైతు మర్నాడు పొరుగువాడి గేదె చేలో పడితే ఊరుకోడు. రెండూ సరైనవే. చేను మీద శ్రద్ధ పోలేదు, అది ఎవరిదో ఒక్కరోజు తెలిసింది. ఆ ఒక్కరోజుని మిగతా రోజుల్లోకి ఎలా పాకించాలన్నదే సాధన. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) గోదావరి దాటి వచ్చేవాళ్ళకి వేళ తప్పి వచ్చినా అన్నం పెట్టారు. ఆవిడకీ ఇల్లూ పొలమూ ఉన్నాయి. పొలం లేకపోతే ఆ అన్నం లేదు.

కాగితాల ముక్క ఒకటి చెప్పి ఆపుతాను. పోయాక ఏమవుతుందో అన్న తలపు చాలామందిని తినేస్తుంది. వీలునామా రాస్తే సగం తగ్గుతుంది. దానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. బ్యాంకులో నామినీ పేరు రాస్తే ఆస్తి అతనిదైపోతుందని అనుకోకండి, నామినీ అందుకుని వారసులకి అప్పగించవలసినవాడు. స్థిరాస్తికి దానపత్రం అయితే రిజిస్ట్రేషను చేయించాలి, చేశాక వెనక్కి తీసుకోవడం బహు కష్టం. వైరాగ్యం వచ్చిందని ఉన్న ఒక్క ఇల్లూ పిల్లలకి దానపత్రం రాసేసి, తరువాత పూట గడవక వాళ్ళ మీద ద్వేషం పెంచుకోవడం ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఉండటానికి ఇల్లు, తినడానికి ఆధారం తన పేరునే ఉంచుకోండి.

కౌశికి ఒడ్డు:

సంచి అభ్యాసం, మూడు గళ్ళ పుస్తకం రెండూ ఆచరించదగ్గవిగా ఉన్నాయండి. చివరిగా ఒకటి. అటక మీద పేరుకుపోయిన సామాను సంగతి ఏమిటి? వాడరు, ఇవ్వరు, అమ్మరు.

శివారు ఆయకట్టు:

వేసవిలో కాలువలు కట్టేశాక, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదిలేలోపు పూడిక తీస్తారు కదా, అదే రోజులు పెట్టుకోండి. సార్వా, దాళ్వా రెండు పంటలు గడిచినా చేతిలోకి తీసుకోని వస్తువు ఏదైనా కిందకి దింపండి. ఇత్తడి గుండిగ లాంటివి ఊళ్ళో పెళ్ళికో సంతర్పణకో పనికొస్తాయి, చింతపండుతో తోమించి గుడికి ఇవ్వండి. మంచాలు, కుర్చీలు బాగు చేయించి మరీ ఇవ్వాలి, ఊగే కాళ్ళతో కాదు. పుస్తకాలు చెదలు చూసి, ఎండ చూపించి గ్రంథాలయానికి. పనికిరానివి పాత సామాన్లవాడికి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. కాలువలో గుర్రపుడెక్క తీసి గట్టు మీదే కుప్ప పెడితే ఏమవుతుందో చూస్తుంటాం కదా, కొంత మళ్ళీ నీళ్ళలోకే జారుతుంది, రెండు నెలల్లో కాలువ కప్పేస్తుంది. అటక మీదివి దింపి వసారాలో పెట్టి "తరువాత ఇద్దాం" అనడం అదే పని. దింపిన రోజు సాయంత్రానికి గడప దాటాలి. ఆటో ముందే మాట్లాడి ఉంచుకోండి, ఆ తరువాతే నిచ్చెన వెయ్యండి.